సాయంత్రం ఆటకు టేబుల్ సిద్ధం

విశాఖలో స్నూకర్ టేబుల్‌కి మొదటి శత్రువు సముద్రపు గాలి. వానాకాలం పొద్దున క్లాత్ మీద అరచేయి ఆనిస్తే చెమ్మ తెలిసిపోతుంది. ఆ చెమ్మ మీద బాల్ కాస్త దూరం దొర్లి నీరసించి ఆగిపోతుంది. టేబుల్ ‘హెవీ’గా ఉందని ఆడేవాళ్ళు అనేది ఇందుకే.

ఆ బరువు దించే పని క్లబ్బుల్లో మార్కర్‌ది. పేరుకు స్కోరు వేసే మనిషే గానీ టేబుల్ ప్రాణం ఆయన చేతిలోనే ఉంటుంది. ఇక్కడి వాల్తేరు క్లబ్ 1883లో పుట్టింది. అంతకు ఏడాది ముందే ఊటీ క్లబ్‌లో స్నూకర్ నిబంధనలు రాతకెక్కాయి. ఆ కాలపు క్లబ్బుల మాటలే నేటి పార్లర్లలోనూ వినిపిస్తాయి. అవి ఒంటబట్టాలంటే మార్కర్ పక్కన ఒక పూట నిలబడాలి.

ముందు బ్రష్. పన్నెండడుగుల పొడవునా, ఆట మొదలయ్యే ‘బాల్క్’ వైపు నుంచి బ్లాక్ బాల్ ఉండే వైపుకి, తిన్నగా, ఒకే దిశలో నడవాలి. వెనక్కి లాగకూడదు. ఉన్ని క్లాత్‌కి సన్నని నూగు ఉంటుంది, దాన్నే ‘న్యాప్’ అంటారు. పిల్లి వీపు నిమిరినట్టు అది ఎటు పడుకుంటే అటే నిమరాలి.

తర్వాత ఇస్త్రీ. అసలు పనితనం ఇక్కడే. ఈ పెట్టె బట్టల ఇస్త్రీపెట్టె కంటే బాగా బరువు. వేడెక్కాక ముందు పాత న్యూస్‌పేపర్ మీద ఆనించి చూస్తారు. కాగితం రంగు మారిందా, చల్లారేదాకా ఆగాల్సిందే. అప్పుడు బాల్క్ నుంచి అవతలి చివర దాకా ఒకే ఊపున, మధ్యలో నిలపకుండా తీసుకెళ్తారు. ఒక్క క్షణం నిలిపితే పడే మచ్చ క్లాత్ మార్చేదాకా పోదు. అంచుల్లోని కుషన్ల జోలికి పోరు. చెమ్మ ఆరి, నూగు అణిగి, క్లాత్ నిగనిగలాడుతుంది. వైట్ బాల్‌ని మెల్లగా వదిలితే చివరిదాకా పోతుంది. టేబుల్ ‘ఫాస్ట్’ అయిందన్నమాట. ఆగబోతూ వైట్ ఒక పక్కకు ఒరిగితే మాత్రం టేబుల్ ‘రోల్’ అవుతోంది, లెవెల్ సరిచూడాలి.

బాల్స్‌ని తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడుస్తారు. బాల్స్ ఒకదానికొకటి తగిలే చోట చాక్ పొడి ఉంటే ‘కిక్’ వస్తుంది. టక్కుమనాల్సిన దెబ్బ టప్పుమంటుంది, బాల్ సన్నగా ఎగిరి దారి తప్పుతుంది. బాల్‌ని పాకెట్లో వేసే తేలికైన ‘పాట్’ పోయి ఆటగాడు బాల్‌ని చేతిలోకి తీసుకుని చూస్తున్నాడంటే అనుమానం దీని మీదే.

ఇక క్యూ, అంటే బాల్‌ని కొట్టే కర్ర. కొసన ఉండే తోలు టిప్ నున్నబడితే చాక్ పట్టదు, క్యూ జారి ‘మిస్‌క్యూ’ అవుతుంది. అందుకే టిప్‌ని ఆకురాయితో కాస్త గరుకుగా, గుండ్రంగా రుద్దుతారు. వైట్‌ని కింద కొట్టి వెనక్కి రప్పించే ‘స్క్రూ’, పైన కొట్టి ముందుకు నడిపే ‘ఫాలో’, పక్కన కొట్టే ‘సైడ్’ మూడూ ఆ తోలు ముక్క చలవే.

చివరగా 15 రెడ్స్‌ని ట్రయాంగిల్‌లో బిగించి, పింక్ బాల్‌కి తగలకుండా దాని వెనకే పెడతారు. ఈ గుంపు పేరు ‘ప్యాక్’. ఆటగాడు దాన్ని చెదరగొట్టగానే ‘ప్యాక్ ఓపెన్’ అని మార్కర్‌కి వినబడుతుంది.

ఆట మొదలయ్యాక ఒక మాట కొత్తవాళ్ళని తికమక పెడుతుంది. వైట్ వేరే బాల్‌కి తగిలి పాకెట్లో పడటం ‘ఇన్-ఆఫ్’. బిలియర్డ్స్‌లో రెడ్ మీంచి అలా పడితే 3 పాయింట్లు వస్తాయి. స్నూకర్‌లో అదే ఫౌల్, ఎదుటివాడికి కనీసం 4 ఇవ్వాలి. పూల్‌లో దానికే ‘స్క్రాచ్’ అని పేరు. ఇక ఆట పేరు సంగతికొస్తే, ‘స్నూకర్’ అసలు వూలిచ్ సైనిక అకాడమీలో కొత్త క్యాడెట్లని ఆటపట్టించే పేరు. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చేంబర్లేన్ అనే అధికారి, పాట్ తప్పిన తోటివాణ్ణి అలా పిలిచాడని, అదే ఆటకు నిలిచిందని చెబుతారు. ఇప్పుడు కొట్టాల్సిన బాల్‌కి వేరే బాల్ అడ్డుపడితే ‘స్నూకర్ పడింది’ అంటాం. అనుకోకుండా బాల్ పడితే ‘ఫ్లూక్’, అప్పుడు చేయెత్తి ఎదుటివాడికి సారీ చెప్పడం మర్యాద.

ఈసారి ఆడటానికి వెళ్ళినప్పుడు చాక్‌ని క్లాత్ మీద కాక చెక్క అంచున, ముఖం పైకి ఉండేలా పెట్టండి. ఆట ముగిశాక కవర్ కప్పండి. సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంటే మూసి మరీ వెళ్ళండి.