ఆసుపత్రిలో వృద్ధులకు తోడు

విద్యార్థులారా! ఆసుపత్రిలో నున్న వృద్ధులను పలుకరించుట మర్యాద యని మీరెల్లరు నెఱుగుదురు. అది మర్యాద మాత్రమే కాదనియు, సకాలమున చేసిన చిన్న సేవ యొక రోగమునే యడ్డగింపగలదనియు నీ పాఠమున చెప్పదలచితిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తల్లిగారు తుంటియెముక విరిగి ఆసుపత్రిలో నుండిరి. కండ్లజోడు పగులునేమో యని మేము దానిని పెట్టెలో దాచితిమి. మూడవనాటి రాత్రి ఆమె మమ్ము జూచి, "ఇది ఎవరి ఇల్లు నాయనా? నన్ను మనింటికి తీసికొని పో" అనెను. వార్ధక్యమున మతి తప్పిన దనుకొని, మేము నర్సుతో నైనను చెప్పక మిన్నకుంటిమి. పిమ్మట పది దినములకు గాని ఆమె మమ్ము గుర్తింపలేదు. ఆ మౌనము మా తప్పు.

ఇట్టి ఆకస్మిక మతిభ్రాంతిని వైద్యులు డెలిరియం అందురు. ముదిమియందు ఏండ్ల తరబడి మెల్లగా ముదురు మఱపు వేఱు, ఇది వేఱు. ఇది గంటలలోనో దినములలోనో పొడసూపి, హెచ్చుచు తగ్గుచు నుండును. కొందఱు కేకలు వేయుదురు; మఱికొందఱు మగతగా పడియుందురు. ఈ రెండవవారిని నెమ్మదిగా నున్నారని యెంచి మనము పొరబడుదుము. జ్వరము, కొన్ని ఔషధములు, నిద్రలేమి, ఒంటిలో నీరు తగ్గుట, కదలక పడియుండుట, చూపు వినికిడుల లోపము దీనికి దారితీయును.

అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున షారన్ ఇనౌయే యను వైద్యురాలును ఆమె సహచరులును 1995 మొదలు 1998 వఱకు ఈ విషయమును పరీక్షించిరి. 70 ఏండ్లు నిండిన 852 మంది రోగులను, ఒకరికొకరు సరిపోలునట్లు, రెండు వర్గములుగా నేర్పఱచిరి. ఒక వర్గమునకు మామూలు చికిత్స జరిగెను. రెండవ వర్గమునకు దానితోబాటు నర్సులును, శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులును ప్రత్యేక పరిచర్య చేసిరి. 1999లో ఫలితము ప్రకటింపబడెను. మొదటి వర్గమున నూటికి 15 మందికి మతిభ్రాంతి కలుగగా, రెండవదానియందు 9.9 వంతున మాత్రమే కలిగెను. అయితే భ్రాంతి యొకసారి కలిగిన పిమ్మట దాని తీవ్రతయందు చెప్పదగిన భేదము కానరాలేదు. కావున ఈ సేవకు తగిన సమయము రోగి తెలివితో నున్నప్పుడే యని గ్రహింపుడు.

ఆ సేవకులు చేసిన పనులు సులభములు. వాని ననుసరించి మనము నిట్లు చేయవచ్చును.

మొదటిది: రోగికి తన పేరు చెప్పి, వారమును, తేదిని, ఉన్న చోటును జ్ఞాపకము చేయుట, పలకపై వ్రాసి యెదుట నుంచుట, ఇంటి సంగతులు ముచ్చటించుట.

రెండవది: కండ్లజోడును, చెవి యంత్రమును పెట్టెలోగాక రోగికే ధరింపజేయుట.

మూడవది: నర్సు ననుమతి నడిగి, రోగిని నిట్టనిలువుగా కూర్చుండబెట్టి, తొందరపెట్టక నీరును ఆహారమును అందించుట.

నాల్గవది: వైద్యుడు సమ్మతించినచో దినమునకు మూడు మాఱులు నడిపించుట, నడువలేనివారిచే కాలుసేతు లాడింపజేయుట.

అయిదవది: రాత్రి దీపమును, సద్దును తగ్గించి, వెచ్చని పాలిచ్చి, వీపు నిమిరి నిద్ర పట్టించుట.

చేయరానివియు కలవు. మందు లియ్యరాదు, ఒంటరిగా రోగిని లేవనెత్తరాదు. మాటలో మార్పు కనబడిన తోడనే నర్సుకు తెలుపవలెను.

మన దేశమున రోగి మంచముచెంత బంధువు కూర్చుండుట వాడుక. ఆ కూర్చున్నవారికి ఈ సంగతులు తెలిసిన చాలును, సగము సేవ జరిగినట్లే. ఎవరును లేని వృద్ధుడు ప్రక్క మంచముపై నుండిన, ఆయనకును ఒక మాట, ఒక గ్రుక్కెడు నీరు దొరకునట్లు చూడుడు. మేము ఆలస్యముగా నేర్చిన పాఠమును మీరు ముందుగా నేర్చితిరేని ఈ వ్రాత సఫలమగును.