కరివేపాకు కుండీతో మొదలుపెట్టండి

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. ఉండేది నాలుగో అంతస్తులో. ప్రకృతి పాఠం ఎలా చెప్పాలి? మాకే చెట్ల పేర్లు సరిగా తెలియవు.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పేర్లు తెలియకపోవడం అడ్డేమీ కాదమ్మా. బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ పెట్టండి, పురుగుమందు మాత్రం కొట్టకండి. వానాకాలంలో కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుక లేత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా కనిపిస్తుంది. పక్షుల కన్ను కప్పడానికే ఆ వేషం. పెరిగాక పచ్చబడుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటు వాసనతో సహా! రోజూ స్కేలుతో పొడవు కొలిచి, బొమ్మ వేసి, తేదీ రాయించండి. లెక్కలూ అందులోనే వచ్చేస్తాయి. కూరకు ఆకు తక్కువైతే సర్దుకోవాలి మరి.

నాలుగో అంతస్తుకు సీతాకోకచిలుక రాకపోతే కింద ఎక్కడైనా నిమ్మచెట్టు ఉంటే దాని ఆకుల మీద ఈ పురుగుల కోసం వెతకండి. పేర్ల సంగతి అమ్మమ్మనో తాతయ్యనో అడగనివ్వండి. వాళ్లకూ సరదాగా ఉంటుంది. ఒకే చెట్టును వారం వారం చూసి చిగురు, పూత, కాయ నమోదు చేసే సీజన్‌వాచ్ కార్యక్రమంలో పిల్లలూ చేరవచ్చు.

దీనికి మార్కులు, పరీక్షలు పెట్టకండి. పాప విసుక్కున్న రోజు వదిలేయండి. ఒక్క జాగ్రత్త: నూగు ఉన్న గొంగళిపురుగును ముట్టుకోనివ్వకండి, దురద పుడుతుంది.