మాటే తోడు

మానవుడు స్వభావతః సంచారశీలి. పొట్టకూటి కోసం, చదువు కోసం, తీర్థసేవ కోసం, లోకాన్ని చూడాలన్న వేడుక కోసం అతడు ఊళ్లు దాటాడు, కడళ్లు దాటాడు. అయితే తోడెవరూ లేకుండా పరదేశంలో అడుగుపెట్టిన బాటసారికి ఆకలి, అలసట, ధనాభావం అన్నీ ఒక ఎత్తు, అక్కడి భాష తెలియకపోవడం ఒక్కటే ఒక ఎత్తు. చేతిలో డబ్బున్నా అతడు అన్నం అడగలేడు. కళ్లెదుట దారి చూపే పలక ఉన్నా చదవలేడు. తన ఊరిలో పదిమందికి బుద్ధి చెప్పగలిగినవాడు అక్కడ పసిబిడ్డతో సమానం.

ఈ స్థితి మనకు దూరపు విషయం కాదు. హైదరాబాదు పడమటి అంచున ముంబయి రహదారిని ఆనుకొని ఉన్న చందానగర్ ఒకప్పుడు చిన్న ఊరు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ పరిసరాల రూపురేఖలు మారిపోయాయి. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. నేడు చందానగర్ వంటి చోట్ల విదేశాలకు బయలుదేరే బిడ్డ కోసం పెట్టెలు సర్దని వీధి అరుదు. ఆ పెట్టెలో పచ్చళ్లు, పొడులు, దుప్పట్లు తప్పక ఉంటాయి. వెళ్లే దేశపు మాటలు నాలుగైనా ఉంటాయా అన్నదే ప్రశ్న.

మన పూర్వులు ఈ ప్రశ్నను ఎరుగుదురు. వాల్మీకి రామాయణంలోని సుందరకాండను గమనించండి. హనుమంతుడు సముద్రాన్ని దాటి ఒంటరిగా లంక చేరాడు. శింశుపా వృక్షం మీద కూర్చుని, దిగువన శోకిస్తున్న సీతను చూశాడు. ఆ క్షణంలో అతని మనస్సును కలవరపెట్టినది రాక్షసుల బలం ఒక్కటే కాదు, ఏ భాషలో మాట్లాడాలన్న సంశయం కూడా. పండితుని వలె సంస్కృతంలో పలికితే, మారువేషంలో వచ్చిన రావణుడని ఆమె భయపడవచ్చు. కనుక సామాన్య మానవుల భాషలో, ఆమెకు ప్రియమైన రామకథతో మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాడు. తనకు వచ్చిన గొప్ప భాష కంటె, ఎదుటివారికి నమ్మకం కలిగించే మాట ముఖ్యమన్న సూక్ష్మం ఇందులో ఉంది. పరదేశంలో బాటసారి పాటించవలసిన మొదటి నీతి ఇదే.

చరిత్రలోనూ ఇందుకు నిదర్శనాలున్నాయి. ఏడవ శతాబ్దంలో చైనా బౌద్ధభిక్షువు హ్యూయాన్‌త్సాంగ్ ఎడారులు, మంచుకొండలు దాటి భారతదేశానికి వచ్చి, 645లో స్వదేశానికి తిరిగి చేరాడు. తన పర్యటనలో భాగంగా అతడు ఆంధ్రదేశాన్నీ దర్శించాడు. ఇక్కడివారి భాష మధ్యదేశపు భాష కంటె భిన్నమైనదని, లిపి మాత్రం చాలావరకు దానిని పోలి ఉన్నదని నమోదు చేశాడు. భాష తెలియని చోట చెవులు మూసుకోక, తేడాలను శ్రద్ధగా గమనించినవాడే ఇంత సూక్ష్మంగా చెప్పగలడు. ధాన్యకటకంలో కొన్ని నెలలు నిలిచి, అక్కడి భిక్షువుల వద్ద శాస్త్రం నేర్చుకొని, తాను ఎరిగినది వారికి నేర్పాడు. యాచకునిగా కాక విద్యార్థిగా వచ్చినవానికి పరదేశం గురుకులమవుతుంది.

అందరికీ ఇటువంటి విద్య, అవకాశం ఉండవు కనుకనే రెండు భాషల నడుమ నిలిచి పలికే వృత్తి ఒకటి ఏర్పడింది. ద్విభాషి అన్న సంస్కృత పదమే వాడుకలో ‘దుబాసీ’ అయింది. 1830 మే నెలలో చెన్నపట్నం నుండి బయలుదేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగు యాత్రాసాహిత్యానికి మొదటి మెట్టు. ఆయన వెంట పెద్ద పరివారం నడిచింది. పేదవానికి పరివారమూ లేదు, దుబాసీ కూడా లేడు.

ఆ పేదవాని కథ పందొమ్మిదవ శతాబ్దపు ఓడలలో కనిపిస్తుంది. 1830ల నుండి తెలుగు కూలీలు మారిషస్ చెరకు తోటలకు తరలివెళ్లారు. 1860లో చెన్నపట్నం నుండి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు తొలి కూలీలను చేర్చింది. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. 1903 నుండి దక్షిణ భారత కూలీలు ఫిజీ దీవులకూ చేరారు. నిర్ణీత కాలం పనిచేయవలసిన ఒడంబడికకు వీరు కట్టుబడ్డారు. అందులో ఏమి వ్రాసి ఉన్నదో చదవగలిగినవారు వారిలో అరుదు. ‘అగ్రిమెంటు’ అన్న ఆంగ్లపదం వారి నాలుకల మీద ‘గిర్మిట్’గా మారింది. ఆ కాగితం కింద వెళ్లినవారిని ‘గిర్మిటియాలు’ అన్నారు. తాము చదవలేని కాగితం పేరే తమ పేరుగా మోయవలసివచ్చిన ఆ జనుల దైన్యాన్ని తలచుకుంటే మనస్సు బరువెక్కుతుంది. అయినా వారు అక్కడ నిలిచారు, కొత్త భాషలు నేర్చారు. మారిషస్‌లో ఉగాది ఈనాడు ప్రభుత్వ సెలవుదినంగా ఉండడం వారి సంతతి పట్టుదలకు గుర్తు.

ఓడలు పోయి విమానాలు వచ్చాయి. కాగితపు సమస్య మాత్రం పోలేదు. కరీంనగర్, నిజామాబాదు వంటి జిల్లాల నుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు పనికోసం వెళ్తున్నారు. అక్కడి న్యాయస్థానాలలో అరబ్బీదే అధికారం. సౌదీ అరేబియా 2005లో చేసిన కార్మిక చట్టం ప్రకారం, ఒప్పందం మరొక భాషలో కూడా ఉన్నప్పుడు అరబ్బీ పాఠమే చెల్లుతుంది. అనగా ఇక్కడ ఏజెంటు చదివి వినిపించిన జీతం ఒకటి, అక్కడి అరబ్బీ కాగితంలో ఉన్నది మరొకటి అయితే, సంతకం చేసినవాడు దానికే కట్టుబడవలసి వస్తుంది. ఒకవైపు భాష రాదు, మరొకవైపు విచారించే అలవాటు లేదు. ఈ రెండూ కలిసినప్పుడే మనిషి మోసపోతాడు.

ఇటువంటి అన్యాయాలను అరికట్టడానికి పార్లమెంటు 1983లో ఉత్ప్రవాస చట్టం చేసింది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లేటప్పుడు వలస అనుమతి పొందాలన్న నియమం ఆ చట్టం నుండి వచ్చింది. వారి ఒప్పందాన్ని అధికారులు పరిశీలిస్తారు. విద్యార్థులు ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. మీరు పదవ తరగతి దాటినవారు కనుక ఆ అనుమతి మీకు అవసరం లేదు. అంటే ఆ పరిశీలన కూడా మీకు ఉండదు. మీ విచక్షణే మీకు కాపలా. అర్థం కాని కాగితం మీద సంతకం చేయవద్దు. ఒప్పందం ప్రతిని ఇంట్లో ఉంచి వెళ్లండి. ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం చిరునామాను, ఫోను సంఖ్యను స్థానిక లిపిలో కూడా వ్రాసి జేబులో ఉంచుకోండి. నేటి సెల్‌ఫోన్లు ఒక భాషను మరొక భాషలోకి మార్చి వినిపిస్తున్నమాట నిజమే. కాని ఫోను ఆరిపోయిన వేళ ఆదుకొనేది జేబులోని కాగితం, నాలుక మీది నాలుగు మాటలు మాత్రమే.

ఆ నాలుగు మాటలు ఏవి? నమస్కారం, కృతజ్ఞత, క్షమాపణ, “నాకు అర్థం కాలేదు, నెమ్మదిగా చెప్పండి” అనే విన్నపం, ఒకటి నుండి పది వరకు అంకెలు, నీరు, అన్నం, వైద్యుడు, సహాయం. వీటిని నేర్వడానికి ఒక నెల చాలు. పైగా మనం పూర్తిగా రిక్తహస్తాలతో వెళ్లడం లేదు. కలం, జవాబు, దుకాణం, తారీఖు, సబ్బు మొదలైన మాటలకు మూలాలు అరబ్బీలో ఉన్నాయి. ఉచ్చారణ కొంత మారినా, చెవికి చుట్టాల వలె తగులుతాయి. ‘హక్కు’ అన్న మాట సైతం అక్కడిదే. తన హక్కును అడిగే మాటను తెలుగువాడు ఇంటినుండే తీసుకొని వెళ్తున్నాడు. అయితే చుట్టమని ప్రతి పదాన్నీ నమ్మరాదు. మనకు వకీలంటే న్యాయవాది. అరబ్బీలో ఆ పదం ప్రధానంగా ప్రతినిధిని, ఏజెంటును సూచిస్తుంది. న్యాయవాదికి అక్కడ వేరే మాట ఉంది. జపాను వెళ్లేవారికి మరొక సౌలభ్యం ఉంది. ఆ భాషలోనూ తెలుగులో వలెనే క్రియాపదం వాక్యాంతంలో వస్తుంది, విభక్తులు నామవాచకం తరువాత నిలుస్తాయి. మాటలు కొత్తవైనా వాక్యపు నడక పరిచితమే.

తప్పులు దొర్లుతాయన్న సిగ్గే నేర్చుకోవడానికి పెద్ద ఆటంకం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో చెన్నపట్నం చేరేనాటికి ఆయనకు తెలుగు రాదు. ఉద్యోగార్థం నేర్చుకోవడం ఆరంభించి, 1820లో కడపకు వెళ్లి, పండితులను ఆశ్రయించి, వేమన పద్యాలను సేకరించి 1829లో ప్రకటించాడు. ఆయన కూర్చిన నిఘంటువును నేటికీ మనం వాడుతున్నాం. అధికారంలో ఉన్న దొర సైతం ఈ భాష ముందు అక్షరాలు దిద్దే బాలుడు కావలసివచ్చింది.

చివరగా మరొక సంగతి. చందానగర్ పరిసరాలలో లేస్తున్న అంతస్తుల మీద ఒడిశా, బీహారు, బెంగాలు ప్రాంతాల నుండి వచ్చిన కూలీలు పనిచేస్తున్నారు. వారిలో పలువురికి తెలుగు రాదు. మందుల దుకాణంలో రోగం చెప్పుకోలేక, బస్సులో దిగవలసిన చోటు అడగలేక తడబడేవారిని మనం చూస్తూనే ఉంటాం. మన అన్నదమ్ములు గల్ఫ్‌లో ఏ స్థితిలో ఉన్నారో వీరు ఇక్కడ అదే స్థితిలో ఉన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. ఆ సామెత వచ్చినవానికి ఎంత వర్తిస్తుందో, ఉన్నవారికీ అంతే వర్తిస్తుంది. పరదేశంలో మన బిడ్డతో ఎవరైనా నెమ్మదిగా, దయగా మాట్లాడాలని కోరుకొనేవారు, తమ వీధిలోని పరాయివానితో అలాగే మాట్లాడడం ధర్మం.

అభ్యాసం

1. లంకలో హనుమంతునికి కలిగిన భాషాసంశయాన్ని వివరించి, అందలి నీతిని తెల్పండి.
2. ‘గిర్మిట్’ అన్న పదం ఎలా ఏర్పడింది? అది ఏ దైన్యాన్ని సూచిస్తున్నది?
3. పదవ తరగతి దాటిన విద్యార్థికి విదేశ ప్రయాణంలో అధిక జాగ్రత్త ఎందుకు అవసరం?
4. మీ ఇంటి సమీపంలో పనిచేసే పరరాష్ట్రీయుని అడిగి, అతని భాషలో ఐదు మాటలు నేర్చుకోండి. వాటిని తెలుగు లిపిలో వ్రాసి, అర్థాలు తెల్పండి.