ట్రాక్టరు ఎంపికలో డిఫరెన్షియల్ లాక్, గేర్ల నిష్పత్తి

ట్రాక్టరు కొనబోవువారు మొదట అడుగు ప్రశ్న "ఎన్ని హార్సుపవరు?" అని. దమ్ము మడిలో బండి దిగబడిన నాడు ఆ సంఖ్య ఒక్కటే అక్కరకు రాదు. ఇంజనుకు ఎంత బలమున్నను, చక్రము నేలను పట్టినంతవరకే అది లాగగలదు. కావున వెనుక ఇరుసు సంగతి కూడ విచారించి బేరమాడవలెను.

మలుపులో బయటి చక్రము లోపలిదానికంటె ఎక్కువ దూరము పోవలెను. చక్రముల నడుమ ఎడము ఒకటిన్నర మీటరు ఉన్నచో, చేను చివర ట్రాక్టరు పూర్తిగా వెనుదిరుగునప్పటికి బయటి చక్రము దాదాపు 4.7 మీటర్లు అధికముగా నడచును. ఈ తేడాను సర్దునదే డిఫరెన్షియల్. కాని అది రెండు చక్రములకును సమానమైన బలమునే పంచును. బురదలోని చక్రము 200 కిలోల లాగుడుకే జారిపోవుననుకొనుడు. గట్టి నేలపై ఉన్న రెండవ చక్రము 600 కిలోలు లాగగలిగినదైనను దానికి అందునది 200 మాత్రమే, మొత్తము 400. లాక్ వేసినచో రెండును కలిసి తిరిగి, దేని పట్టు మేరకు అది లాగగా మొత్తము 800 కిలోలగును. రెండు చక్రములును జారుచోట మాత్రము లాక్ వలన ప్రయోజనము స్వల్పము. అక్కడ ఇనుప దమ్ము చక్రములు కావలెను.

చక్రము గిరగిర తిరుగుచుండగా లాక్ వేయరాదు, పళ్లు విరుగును. క్లచ్ నొక్కి, చక్రములు ఆగిన పిదప వేసి, తిన్నగా నడపుడు. మలుపుకు ముందే వదలుడు. ఆ పెడలు దేనికో తెలియకయే ఏండ్లు గడపిన డ్రైవర్లు కూడ కలరు!

ఇక గేర్లు. ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచు, గేర్లు, ఇరుసు కలిసి దానిని నూరవ వంతుకు తగ్గించినచో చక్రము 20 చుట్లు తిరుగును. చక్రము చుట్టుకొలత 4 మీటర్లయినచో వేగము గంటకు 4.8 కిలోమీటర్లు. రెండు వందవ వంతుకు తగ్గించినచో 2.4 కిలోమీటర్లే, చక్రమునకు అందు బలము మాత్రము రెట్టింపగును. రోటవేటరు పనికి ఇట్టి నెమ్మది గేర్లు ముఖ్యము. చెరకు, ధాన్యము తోలువారు రోడ్డు గేరును కూడ చూచుకొనవలెను.

నాలుగు చక్రములును లాగు ట్రాక్టరులో ముందు, వెనుక ఇరుసుల నిష్పత్తి టైర్ల కొలతను బట్టి అమర్చబడి యుండును. టైర్లు మార్చునప్పుడు తయారీదారు చెప్పిన కొలతనే వేయుడు. తారురోడ్డుపై ముందు చక్రముల లాగుడును తప్పించుడు.

ఒక్క మాట మరువకుడు. దిగబడినప్పుడు వెనుక చక్రములకు దుంగలు కట్టి గేరు వేయుట ప్రాణాంతకము. చక్రము తిరుగలేనప్పుడు ట్రాక్టరే ఇరుసు చుట్టూ పైకి లేచి, రెండు సెకన్లలోపే వెనుకకు బోర్లపడును. బురద త్రవ్వి రివర్సులో ప్రయత్నించుడు. కానిచో మరియొక ట్రాక్టరును పిలిపించి, గొలుసును ఇరుసుకంటె క్రిందనున్న డ్రాబారుకే తగిలించి లాగించుడు.