సోమవారం అర్జీల్లో సివిల్స్ సిలబస్

సోమవారం, ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజు. పదిన్నరకే కలెక్టరేట్ వరండా నిండిపోయింది. మా అక్క కొడుకుతో పాటు నేనూ వరసలో కూర్చున్నాను. మా బావ పొలం ఎకరన్నరకు పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు తప్పు పడింది. దాన్ని సరిచేయించుకోవడానికి వచ్చాం. మావాడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని రెండేళ్లుగా సివిల్స్‌కు చదువుతున్నాడు.

మా ముందు ఒక అవ్వ కూర్చుంది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, ఆధార్ జిరాక్సు. ఏళ్ల తరబడి నాట్లు వేసి వేసి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద వేలిముద్ర పడటం లేదు. మూడు నెలలుగా పింఛను రాలేదు. ఆమె పక్కన ఒక మాజీ సర్పంచి, చేసిన పనులకు బిల్లులు రాలేదని వచ్చాడు. క్వారీ దుమ్ము పత్తి మీద పడుతోందని ఇద్దరు రైతులు. కూతురు ఉండే హాస్టల్లో నీళ్లు రావడం లేదని ఒక తల్లి.

మావాడు కాసేపు అటూ ఇటూ చూసి నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు: "మామయ్యా, అవ్వది జీఎస్-2, సంక్షేమ పథకాలు. సర్పంచిది 73వ సవరణ. క్వారీది జీఎస్-3, పర్యావరణం. మనది భూ సంస్కరణలు. సిలబస్ అంతా ఈ వరండాలోనే కూర్చుంది."

రెండేళ్లుగా వాడు బట్టీ పట్టిన చదువుకు ఆ రోజు ప్రాణం వచ్చింది. సివిల్స్‌కు సిద్ధమవుతున్న ప్రతి ఒక్కరికీ నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. సిలబస్‌ను పుస్తకాల గుట్టగా చూస్తే అది మీ మీద పడుతుంది. రేపు మీరు కూర్చోబోయే కుర్చీ ముందుకు వచ్చే అర్జీల జాబితాగా చూడండి. ఏది చదవాలో, ఎంత చదవాలో, ఎందుకు చదవాలో అదే చెబుతుంది.

ముందు సిలబస్, తర్వాతే పుస్తకం

ప్రిపరేషన్ అనగానే చాలామంది నేరుగా పుస్తకాల షాపుకు వెళ్తారు. ఆగండి. యూపీఎస్సీ నోటిఫికేషన్ తీసి, అందులోని సిలబస్ పేజీలు ప్రింటు తీసుకుని మీ బల్ల ఎదురుగా గోడకు అంటించండి. జనరల్ స్టడీస్ వరకైతే అవి కొద్ది పేజీలే.

పరీక్ష తీరు కూడా అంకెలతో సహా నోటికి రావాలి. ప్రిలిమ్స్‌లో రెండు పేపర్లు. జనరల్ స్టడీస్‌లో 100 ప్రశ్నలకు 200 మార్కులు, సీశాట్‌లో 80 ప్రశ్నలకు 200 మార్కులు. తప్పు జవాబు పెడితే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది. సీశాట్‌లో 33 శాతం, అంటే 66 మార్కులు తెచ్చుకుంటే చాలు. అవి రాకపోతే మాత్రం మొదటి పేపర్లో ఎన్ని వచ్చినా లాభం లేదు.

మెయిన్స్‌లో తొమ్మిది పేపర్లు. భారతీయ భాష, ఇంగ్లిష్ చెరో 300 మార్కులు. వీటిలో 25 శాతంతో గట్టెక్కితే చాలు. ర్యాంకుకు లెక్కలోకి వచ్చేవి ఏడు: వ్యాసం, నాలుగు జనరల్ స్టడీస్ (జీఎస్) పేపర్లు, రెండు ఆప్షనల్ పేపర్లు. ఒక్కోటి 250 చొప్పున 1,750 మార్కులు. ఇంటర్వ్యూకు 275. మొత్తం 2,025. ప్రిలిమ్స్ మార్కులు ఇందులో కలవవు.

ఇప్పుడు ఒక పని చేయండి. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, ప్రతి ప్రశ్న పక్కన అది సిలబస్‌లోని ఏ వాక్యం నుంచి వచ్చిందో రాయండి. పది పేపర్లకు ఇలా చేస్తే ఏ వాక్యం నుంచి ప్రశ్నలు ఎక్కువగా వస్తున్నాయో మీకే తెలిసిపోతుంది. ఇంకొకరి స్ట్రాటజీ వీడియో కోసం వెతకాల్సిన పని ఉండదు.

పుస్తకం ఒకటి, చదవడం ఆరుసార్లు

ఒకసారి మావాడి గదికి వెళ్లాను. ఆర్థిక వ్యవస్థ మీదే మూడు పుస్తకాలు ఉన్నాయి. తిరగేసి చూస్తే మూడింటికీ మొదటి నలభై పేజీల వరకే పెన్సిలు గీతలు. ఆపైన కాగితం కొత్తగా మెరుస్తోంది. ఎవరో బాగుందన్నారని కొత్త పుస్తకం కొనడం, మళ్లీ మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టడం. కష్టం మూడింతలు, చదివింది మాత్రం ఆ నలభై పేజీలే.

ఈ పరీక్షకు చదివేవాళ్ల బల్ల మీద ఉండే పుస్తకాల పేర్లు ఏమీ రహస్యం కావు. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పునాది. పాలిటీకి లక్ష్మీకాంత్. ఆధునిక భారత చరిత్రకు స్పెక్ట్రమ్ లేదా బిపిన్ చంద్ర. ఆర్థిక రంగానికి ఒక ప్రామాణిక పుస్తకం, దానికి తోడు ఆర్థిక సర్వే, కేంద్ర బడ్జెట్. రోజూ ఒక మంచి దినపత్రిక. ఒక్కో సబ్జెక్టుకు ఒక్క పుస్తకం ఎంచుకోండి. పరీక్ష అయ్యేదాకా దాని చేయి వదలకండి.

మొదటిసారి పెన్సిలు పట్టుకోకుండా కథలా చదవండి. రెండోసారి ప్రతి పేజీ అంచున ఒక ప్రశ్న రాయండి. మూడోసారి పుస్తకం మూసి, ఆ ప్రశ్నకు జవాబు పైకి చెప్పండి. నాలుగోసారి అధ్యాయం మొత్తాన్ని ఒక్క పేజీకి కుదించండి. ఐదోసారి ఆ పేజీ మాత్రమే చూడండి. ఆరోసారి తెల్లకాగితం మీద ఆ పేజీని చూడకుండా రాయండి. ఎక్కడ చేయి ఆగిందో అక్కడికి మాత్రమే మళ్లీ పుస్తకంలోకి వెళ్లండి.

పత్రికకు గంట చాలు. నోట్సును తేదీల వారీగా రాయకండి. సిలబస్ శీర్షికల కింద రాయండి. ‘సమాఖ్య వ్యవస్థ’ అన్న పేజీలో ఏడాది పొడవునా వచ్చిన వార్తలన్నీ ఒకచోట చేరితే పరీక్ష ముందు వెతుకులాట ఉండదు.

ఒక్క నదిని పట్టుకోండి

సబ్జెక్టులను గోడలు కట్టి చదవడం మనకు బడి నుంచి వచ్చిన అలవాటు. సివిల్స్ ప్రశ్న ఆ గోడల మీదుగా దూకి వస్తుంది. కృష్ణా నదినే తీసుకోండి. మహాబలేశ్వరం దగ్గర పుట్టి నాలుగు రాష్ట్రాల మీదుగా ప్రవహించి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేదాకా అది భూగోళం. అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాలకు రాజ్యాంగం 262వ అధికరణలో దారి చూపింది, 1956లో చట్టం వచ్చింది. అది పాలిటీ. బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఆ వాటా మీద కొత్త తగవు మొదలైంది. అది సమాఖ్య వ్యవస్థ. ఆయకట్టులో వరి వేయాలా, ఆరుతడి పంటలు వేయాలా అన్నది వ్యవసాయం. చివరి భూములకు నీరందక వలస పోయే కుటుంబం సమాజం. ఒక్క నది వెంట నడిస్తే మూడు జనరల్ స్టడీస్ పేపర్లు చుట్టి వస్తారు.

అలాగే పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందనీ, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు ఉన్నాయనీ పుస్తకం చెబుతుంది. ఈసారి పండక్కి ఊరు వెళ్లినప్పుడు పంచాయతీ ఆఫీసులో అరగంట కూర్చోండి. ఆ 29లో ఎన్ని నిజంగా పంచాయతీ చేతిలో ఉన్నాయి, ఎన్నిటికి డబ్బు వస్తోంది, గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగింది? ఈ మూడు అడిగి తెలుసుకుంటే చాలు. అధికార వికేంద్రీకరణ మీద మీరు రాసే జవాబు వేరేగా ఉంటుంది.

ఏడు నిమిషాల చెయ్యి

మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానిలో 20 ప్రశ్నలు, మూడు గంటలు. 150 పదాల్లో రాసే పది మార్కుల ప్రశ్నలు పది, 250 పదాల్లో రాసే పదిహేను మార్కుల ప్రశ్నలు పది. మొదటి రకానికి ఏడు నిమిషాలు, రెండో రకానికి పదకొండు నిమిషాలు పెట్టుకుంటే సరిగ్గా 180 నిమిషాలు. ఆలోచించుకోవడానికి విడిగా సమయం ఉండదు. ఆ ఆలోచన ఇంట్లోనే అయిపోవాలి.

‘సిలబస్ పూర్తయ్యాక రాస్తాను’ అనేవాళ్లకు సిలబస్ ఎప్పటికీ పూర్తికాదు. చదివిన రోజే రెండు జవాబులు రాయండి. మావాడు మొదట్లో రాసిన జవాబులు చూశాను. అడిగింది పంచాయతీల నిధుల గురించి. వాడు సగం పేజీ ప్రాచీన గ్రామ వ్యవస్థ గురించి రాశాడు. తెలిసినదంతా రాయాలన్న ఆరాటం చాలామంది అభ్యర్థులకు ఉంటుంది. దిద్దేవారికి కావలసింది అడిగినదానికి జవాబు. ప్రశ్నలోని క్రియాపదం కింద గీత పెట్టండి. ‘వివరించండి’ అన్నారా, ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అన్నారా? మొదటి వాక్యంలోనే విషయంలోకి దిగండి. మధ్యలో కారణాలు, ఒక ఉదాహరణ ఇవ్వండి. చివర ఏం చేస్తే బాగుపడుతుందో చెప్పండి.

బట్టీకి లొంగని పేపరు

జీఎస్-4 నీతి, నిజాయితీ, పాలనా దృక్పథం మీద. దాదాపు సగం మార్కులు కేస్ స్టడీలవే. మన అవ్వనే తీసుకోండి. నిబంధన వేలిముద్ర కావాలంటోంది. వేలు అరిగిపోయింది. మీరు అక్కడి అధికారి. నిబంధన పక్కన పెడితే రేపు అక్రమాలకు తలుపు తెరిచినట్టవుతుంది, పట్టుకుని కూర్చుంటే ఆమె పస్తులుంటుంది. ఏం చేస్తారు? నిబంధనల్లోనే వేరే ధ్రువీకరణ పద్ధతి ఉందేమో వెతకడం, ఈ రోజుకు ఆమె ఇబ్బంది తీర్చడం, ఇలాంటివాళ్లు మండలంలో ఇంకెంతమంది ఉన్నారో లెక్క తీయించడం. ఇలా ఆలోచించడం పరీక్షకు ముందు రాత్రి పట్టుబడదు.

ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గురించి చదవండి. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. చట్టం కాగితం మీద ఉంటే సరిపోదని, వెట్టిలో ఉన్నవాళ్ల విముక్తి కోసం పాటుపడిన అధికారి ఆయన. ఇలాంటి ఒక్క జీవితం తెలిసి ఉంటే ‘కరుణ’ అన్న మాటకు నిర్వచనం బట్టీ పట్టక్కర్లేదు.

రోజూ రాత్రి మీకు మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈరోజు నాకు సులువైన దారి ఎక్కడ దొరికింది, సరైన దారి ఏది, నేను ఏది తొక్కాను? రెండు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నప్పుడు మీ మాటకు బలం ఈ అలవాటు నుంచే వస్తుంది.

తెలుగును తక్కువగా చూడకండి

ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. కాబట్టి ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునే శక్తి తప్పదు. మెయిన్స్‌ను మాత్రం తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూనూ తెలుగులో ఇవ్వొచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని, తెలుగులోనే రాసి 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు సాధించారు.

ఇంగ్లిష్ మీడియం వాళ్లకు ఇంకో హెచ్చరిక. అర్హత పేపరుగా తెలుగు ఎంచుకుంటే, అందులో 75 మార్కులు రాకపోతే మిగతా పేపర్ల మార్కులు లెక్కలోకి రావు. వ్యాసం, సంక్షిప్త రచన, అనువాదం ఉంటాయి. వారానికి ఒక పేజీ తెలుగులో చేత్తో రాయండి. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్లు ఆ పని చేయని చేతికి అది అవసరం.

ర్యాంకుకు ఒక గడువు పెట్టుకోండి

2024 సివిల్స్‌కు దాదాపు పది లక్షల మంది దరఖాస్తు చేశారు. మెయిన్స్‌కు 14,627 మంది వెళ్లారు. ఇంటర్వ్యూకు 2,845 మంది. ఎంపికైనవారు 1,009 మంది. ఈ అంకెలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ ప్రణాళికలో వీటికి చోటు ఉండాలని చెబుతున్నాను. మెట్‌పల్లికి చెందిన అనుదీప్ దురిశెట్టి 2017లో మొదటి ర్యాంకు, ఉమా హారతి 2022లో మూడో ర్యాంకు తెచ్చుకున్నది ఐదో ప్రయత్నంలో. ఓపిక ఫలించింది. అలాగని జనరల్ కేటగిరీలో ఆరు ప్రయత్నాలు, 32 ఏళ్లు ఉన్నాయి కదా అని అన్నీ వాడుకోవాలని లేదు. ఎన్నిసార్లు రాస్తారో, ఆ తర్వాత ఏం చేస్తారో ముందే రాసుకుని ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నల మనసు తేలికపడుతుంది, మీదీ తేలికపడుతుంది.

ఇక ర్యాంకు రాకపోతే చదువంతా వృథా అనేవాళ్ల మాట వినకండి. ఆ సోమవారం వరండాలో ఏం జరిగిందో చెబుతాను. మావాడు అవ్వ చేతిలోని అర్జీ అడిగి తీసుకున్నాడు. పేజీన్నర ఉంది. కష్టాలన్నీ ఉన్నాయి, పింఛను నంబరు మాత్రం లేదు. తెల్లకాగితం తీసుకుని, ఆమెను అడిగి అడిగి, నాలుగు వాక్యాల్లో తిరగరాశాడు: నేనెవరిని, ఎప్పటి నుంచి ఏం ఆగింది, ఎందుకు ఆగింది, నాకేం కావాలి. వాడి జవాబుల్లో ఇన్నాళ్లూ నాకు కనిపించనిది ఆ కాగితం మీద కనిపించింది.

అవ్వ ఆ కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి కవర్లో దాచుకుంటూ అడిగింది: "నువ్వు ఈడ పని జేస్తవా బిడ్డా?"

"లేదవ్వా. ఆ పని కోసమే చదువుకుంటున్న."

"మరి జేస్తనే ఉన్నవ్ గద!" అంది.