మొక్కలు చివర నాటాలి

గద్వాల వైపు నడిగడ్డ ప్రాంతం విత్తన పత్తికి పేరు. ఆ గింజ మీది నూగు పోవాలంటే సల్ఫ్యూరిక్ యాసిడ్ పట్టించి కడగాలి. చేత్తో చేసే పద్ధతిలోనే కిలో గింజకు సుమారు 100 మిల్లీలీటర్లు పడుతుంది. ఇలా నూగు తీసే డీలింటింగ్ షెడ్డు మూతపడ్డాక, ఆ కడుగునీళ్లు ఇంకిన చోట గడ్డి మొలవడమూ కష్టమే. అలాంటి జాగాలో గుంతలు తీసి, మొక్కలు నాటి, ఫొటో దిగుతారు. అది తలకిందుల వరస.

ముందు తొట్లు, మురుగుగుంత ఖాళీ చేయించాలి. మిగిలిన యాసిడ్, బురద ప్రమాదకర వ్యర్థాలు. అవి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి, వాగులోకి కాదు.

తర్వాత మట్టి పరీక్ష. ఇక్కడ తొందర పనికిరాదు. స్థలాన్ని గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో పైమట్టి, అడుగు లోతుది, రెండడుగుల లోతుది వేర్వేరుగా తీయాలి. పోలికకు పక్క చేని మట్టి కావాలి. పీహెచ్, లవణాలతో పాటు విత్తనశుద్ధి మందుల అవశేషాలూ చూడాలి, బోరు నీళ్లూ పంపాలి. పీహెచ్ 5.5 కన్నా దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. అలంపూర్ వైపు నల్లరేగడిలో సున్నం ఉంటుంది, కొంత యాసిడ్‌ను అదే విరిచేస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎర్రచెల్కకు ఆ ఆసరా తక్కువ. రెంటికీ ఒకే మోతాదు చెప్పేవాళ్లను నమ్మకండి.

ల్యాబ్ లెక్క ప్రకారం సున్నపురాయి పొడి చల్లి, జానెడు లోతు కలియదున్ని, తడిపెట్టి కొన్ని వారాలు ఆగాలి. కాల్చిన సున్నం జోలికి పోవద్దు, ఒళ్లు కాలుతుంది. యాసిడ్, సున్నం కలిసి జిప్సం అవుతాయి. మళ్లీ పరీక్ష చేయించాలి.

సీసం లాంటి లోహాలు బయటపడితే ఈ వైద్యం చాలదు. అవి సున్నంతో మాయం కావు. హైదరాబాద్ కాటేదాన్‌లోని నూర్ మహ్మద్ కుంట బాగుకు 2010లో ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టే కావలసి వచ్చింది.

పీహెచ్ ఆరు దాటాకే చెరువు పూడికమట్టి, పశువుల ఎరువు. ఆపైన జనుము చల్లి పూతకొచ్చాక దున్నెయ్యాలి. చివరికి కానుగ, వేప. కానుగ పూతకు తేనెటీగలొస్తాయి, ఆకు రాలి నేల గుల్లబారుతుంది, వాన ఇంకుతుంది. కూరగాయలు, పండ్లచెట్లు వద్దు. గడ్డి పరీక్ష తేలేదాకా గొర్లను తోలొద్దు.

ఖర్చెవరిది? కేంద్రం 2025 జూలైలో కలుషిత స్థలాల నిబంధనలు తెచ్చింది. పాడుచేసినవాళ్లే భరించాలన్నది వాటి సూత్రం. స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా పంపాలి. మీ ఊళ్లో అలాంటి జాగా ఉంటే గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరేట్‌లో ఇవ్వండి, రసీదు తీసుకోండి.