తగ్గని దగ్గు, రొమ్ములో కణితి

కామాఠిపురా గల్లీలలో దగ్గు అనగానే మొదట తలపుకు వచ్చేది క్షయ. అది తప్పు కాదు. గాలి, వెలుతురు చాలని చాల్ గదులలో క్షయ సులభంగా వ్యాపిస్తుంది; రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష తప్పనిసరి. చిక్కు ఆ తరువాత వస్తుంది. తెమడలో క్షయ క్రిములు కనబడవు, దగ్గు మాత్రం విడువదు, ఏడాదిలో పలుమార్లు నిమ్ము చేస్తుంది. అప్పుడు నెపం బీడీ మీదకో, కట్టడాల దుమ్ము మీదకో పోతుంది. 18వ శతాబ్దం చివరి నుండి ఈ నగరాన్ని కట్టిన కామాఠీలకు దుమ్ము కొత్త కాదు గనుక ఆ మాట సులభంగా నమ్మబడుతుంది.

అరుదుగా కారణం వేరు. రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉంటుంది. బాల్యంలో అది రోగనిరోధక కణాలకు తర్ఫీదునిచ్చి, వయసుతో కుంచించుకుపోతుంది. కొందరికి, ముఖ్యంగా నడివయసు దాటుతుండగా, అందులో థైమోమా అనే కణితి పెరుగుతుంది. వారిలోనూ కొద్దిమందికి రక్తంలోని ప్రతిరక్షకాలు పడిపోతాయి. ఈ రెంటి సంబంధాన్ని 1954లో అమెరికా వైద్యుడు రాబర్ట్ గుడ్ వివరించినందున దీనికి గుడ్ సిండ్రోమ్ అని పేరు. పేరులో తప్ప వ్యాధిలో మంచి ఏమీ లేదు.

ప్రతిరక్షకాలు కొరవడిన శ్వాసనాళాలలో క్రిములు తిష్ఠ వేస్తాయి. నాళాల గోడలు దెబ్బతిని శాశ్వతంగా వెడల్పవుతాయి. దీనినే బ్రాంకియెక్టాసిస్ అంటారు. పగిలిన మోరీలో మురుగు నిలిచినట్లు తెమడ నిలుస్తుంది, నిలిచిన తెమడలో మళ్లీ క్రిములు పెరుగుతాయి. చిన్న కణితి మామూలు ఎక్స్-రేలో కనబడకపోవచ్చు. ఛాతీ సి.టి. స్కాన్, రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ల కొలత అవసరమా అని ఛాతీ వైద్యుని అడగవచ్చు. ఈ పేటకు దగ్గరలోనే మునిసిపల్ ఆసుపత్రి నాయర్ ఉంది.

కణితిని శస్త్రచికిత్సతో తొలగిస్తారు. అయితే అది పోయినంత మాత్రాన రోగనిరోధక శక్తి సాధారణంగా తిరిగి రాదు. గాయం మానగానే "ఇక బాగైంది" అని రోగి పాలమూరుకో కరీంనగర్‌కో వెళ్లిపోవడం ఇక్కడే ప్రమాదకరం. దాతల రక్తరసం నుండి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను సాధారణంగా మూడు నాలుగు వారాలకొకసారి సిరలోకి ఎక్కించవలసి ఉంటుంది. ఇది ఖరీదైన మందు. ఆసుపత్రిలోని సామాజిక కార్యకర్తను సహాయ పథకాల గురించి ముందే అడగాలి. సజీవ టీకాలు వైద్యుని అనుమతి లేనిదే వేయించుకోరాదు. తెమడలో రక్తం పడినా, ఆయాసం హెచ్చినా, జ్వరం తగ్గకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊరికి పోయేవారు స్కాన్ ఫిల్ములు, శస్త్రచికిత్స కాగితం, చివరి రక్తపరీక్ష చీటీ వెంట తీసుకుపోవాలి.